సిలోనులో ఎన్ని నిద్రలు

"నాలుగు రోజులు. అంతకు ఒక్క పూట కూడా ఎక్కువ లేదు," అన్నాడు కృపాదానం, మజ్జిగన్నం చివరి ముద్ద కలుపుకుంటూ.

"పది," అంది రెబెక్కమ్మ వంటింటి గడపలో నిలబడి.

"నాలుగు."

"పది లేకపోతే నేను రాను. మీరొక్కరే పొయ్యి రండి."

వారంగా ఆ ఇంట్లో ఈ రెండు అంకెలు తప్ప మూడో మాట లేదు. ఉప్పు అందుకోమన్నా పోట్లాటే, తలుపు చేరవెయ్యమన్నా పోట్లాటే. నిన్న మధ్యాహ్నం నుంచి రెబెక్కమ్మ అన్నం కూడా మానేసింది. ఆవిడ కంచం గోడకు ఆనించినది ఆనించినట్టే ఉంది. కృపాదానం దాన్ని చూడనట్టు నటిస్తున్నాడు. నటన ఆయనకు చేతకాదు. ముద్దముద్దకీ కన్ను అటే పోతోంది.

కొలంబోలో జరిగే క్రైస్తవ సభలకు, కోట అనే ఆ ఊరి బడిలో ముప్ఫయ్యేళ్ళు హెడ్మాస్టరుగా చేసి దిగిన కృపాదానంగారిని భార్యతో సహా రమ్మని పిలుపు వస్తే ఊరంతా సంతోషించింది. సంతోషించనిదల్లా ఆ ఇల్లే. రేపు తెల్లవారి మొదటి బస్సుకు కొడుకు ఆనందబాబు గూడూరు పోయి మద్రాసు రైలెక్కాలి. అక్కడి సిలోను ఆఫీసులో ఎన్ని రోజులుంటారో చెప్పందే వాళ్ళు పాస్‌పోర్టుల మీద ముద్ర వెయ్యరు. ఆ అంకె ఇప్పటికీ తేలలేదు.

"సభలు మూడు రోజులు," అన్నాడు కృపాదానం వేళ్ళు మడుస్తూ. "అనురాధపురం శిథిలాలకు ఒక రోజు. నేను చరిత్ర పాఠం చెప్పినోణ్ణి, అది చూడాల. ఇంకేముండాది ఆ దీవిలో నీకు?"

"కాండీ ఉండాది. ఏనుగులు నీళ్ళాడతాయంట. కొండల మీద తేయాకు తోటలుండాయంట."

కృపాదానం నవ్వాడు. ఆ నవ్వులో సరదా లేదు.

"నన్ను చేసుకుని కోటకు వచ్చి ముప్ఫయ్యారేళ్ళయింది. బండి కడితే పూటలో సముద్రం. ఎన్నిసార్లు పొయ్యి చూసినావు? బడి పిల్లోళ్ళను పులికాటు పక్షులు చూసేదానికి తీసకపోతుంటే రమ్మంటే, పచ్చడి రోట్లో ఉందన్నావు. ఇప్పుడు నీకు ఏనుగులు కావాలా?"

"ముసలిదాన్నయినాను. ఇప్పుడు కోరిక పుట్టింది. పుట్టగూడదా?"

"కాండీ ఏ దిక్కునుంది చెప్పు."

రెబెక్కమ్మ తడబడింది. కోడలు ఎలిశబెతు ఆడపిల్లల బడిలో టీచరు. నాలుగు రోజులుగా ఆమె పొయ్యి దగ్గర అత్తకు అట్లాసు చూపించి పాఠం చెబుతోంది. చెప్పిందంతా ఈ క్షణాన ఆవిరైపోయింది.

"కొండల్లో," అంది చివరికి.

"కొండలు దిక్కు కాదు," అని కృపాదానం లేచాడు. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోతూ వెనక్కి తిరిగి, "నాలుగు," అన్నాడు.

బడిపిల్లను బెంచీ ఎక్కించినట్టు ఎక్కించాడని రెబెక్కమ్మకు ఒళ్ళు మండిపోయింది. మండినా గుటక వేసింది. అసలు మాట నోటి చివర ఉంది. దాన్ని మాత్రం బయటికి రానివ్వకూడదు.

అసలు మాట ఏనుగులు కాదు. జాఫ్నా.

కూతురు జయశీల జాఫ్నాలో ఉంది. తొమ్మిదేళ్ళ కిందట, మేనత్త ఎస్తేరమ్మ కొడుకు సమాధానంతో గుడిలో మూడు ఆదివారాలు చదవాల్సిన పెండ్లి ప్రకటన రెండు ఆదివారాలు చదివాక, మూడో ఆదివారం రాకముందే ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. వేలూరులో నర్సు చదువు చదివేటప్పుడు పరిచయమైన దేవసహాయమనే జాఫ్నా కాంపౌండరును చేసుకుంది. ఆనాటి నుంచి ఆ పిల్ల పేరు ఈ ఇంట్లో పైకి పలకరు. మొన్న వానాకాలంలో దేవసహాయం జ్వరంతో పోయాడని కబురొచ్చింది. పిల్లాజెల్లా లేరు. అత్తమామలు ముందే పోయారు. ఆ ఇంట్లో జయశీల ఒక్కతే ఉంది.

మొగుడు పోయిన ఆడదాన్ని పుట్టింటివాళ్ళు తీసుకొచ్చి మూడు నిద్రలు చేయించాలి. ఆమె రాలేనిచోటైతే పుట్టింటివాళ్ళే పోయి ఆ ఇంట్లో మూడు రాత్రులు పడుకోవాలి. పుట్టింటి బియ్యం వండి పెట్టాలి. పుట్టింటి చీర కట్టించాలి. అంతవరకూ ఆ మనిషి ఇంకో ఇంటి గడప తొక్కదు, పక్కింట్లో పురుడొచ్చినా చూడబోదు. ఇది బైబిల్లో లేదు. గుడిలో అయ్యగార్లు ఏటా దీన్ని మానుకోమని చెబుతూనే ఉంటారు. వాళ్ళ ఇళ్ళలోనే మానరు.

జయశీలను ఇక్కడికి తెచ్చే ప్రసక్తి లేదు. గడప తొక్కనివ్వనని కృపాదానం తొమ్మిదేళ్ళ కిందటే చెప్పాడు. మిగిలింది రెబెక్కమ్మ పోవడమే. ఈ ప్రయాణం తప్పితే ఆ దీవికి పోయే దారి ఆవిడకు ఈ జన్మలో మళ్ళీ దొరకదు.

"నిద్ర అనే మాట ఎత్తొద్దు అత్తమ్మా," అని ఎలిశబెతు ముందే హెచ్చరించింది. "ఎత్తినారంటే మావయ్య ప్రయాణమే మానేస్తాడు. రోజులు అడగండి. రోజులొస్తే రాత్రులు వాటెంబడే వస్తాయి గదా."

అందుకే ఏనుగులు, తేయాకు తోటలూ.

* * *

కంచాలు తీస్తుండగా ఎస్తేరమ్మ వచ్చింది. పక్కిల్లే ఆవిడది. కృపాదానం చెల్లెలు. తెల్లచీర కొంగు నడుంలో దోపుకుని, మజ్జిగకని ఖాళీ చెంబు చేత్తో పట్టుకుని, పెరటి దారిన ఏ వేళకైనా వస్తుంది. రెండిళ్ళకూ మధ్య గోడ ఉంది గాని ఆవిడ నోటికి గోడ లేదు.

"ఇంకా తేలలేదా, ఎన్ని రోజులో?" అంది చెంబు దించుతూ.

"తేల్తుంది," అంది రెబెక్కమ్మ.

"చూసేదానికంటే నాలుగు రోజులు చాలు. వేరే పనుంటే పదీ చాలవు."

రెబెక్కమ్మ చెంబులో మజ్జిగ పోసింది. కొంచెం అంచు మీద ఒలికింది.

"వేరే పనేముంది?"

"నాకేం తెలుసు వదినా. నాకు తెలిసిందల్లా ఒకటే. నా కొడుకును సంఘం నడిబొడ్డులో నిలబెట్టి పొయ్యింది మీ పిల్ల. పెరటి తలుపు గడియ లోపల్నుంచి తీసుండింది, బయట్నుంచి కాదు. ఇన్నేళ్ళలో ఒక్కరైనా ఆ గడియ ఎవురు తీసినారని అడిగినారా?"

"అదే తీసుకొని పోయుంటుంది. ఇంకెవురు తీస్తారు?"

"అంత ఎత్తు గడియ దానికి అందుతుందా? పీట వేసుకుంటేగాని అందదు. పీట పొయ్యి దగ్గర ఉన్నదున్నట్టే ఉండె."

రెబెక్కమ్మ వంగి పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. వంట ఎప్పుడో అయిపోయింది. మండించాల్సిన పని లేదు. పొగ కళ్ళలో పడి నీళ్ళొస్తే కొంగుతో తుడుచుకుంది.

ఎస్తేరమ్మ కాసేపు ఆ పొగనే చూసి, చెంబు తీసుకుని వసారాలోకి పోయింది. అక్కడ కృపాదానం పడక కుర్చీలో ఉన్నాడు. ఆవిడ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అన్నాచెల్లెళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎప్పుడూ వీధి చివరిదాకా వినిపించే ఎస్తేరమ్మ గొంతు ఆ మధ్యాహ్నం వంటింటి దాకా కూడా రాలేదు.

"ఏం చెప్తుండాది?" అంది రెబెక్కమ్మ కోడలితో.

"మనకెందుకు అత్తమ్మా. మీరు గట్టిగా ఉండండి. ఇంకో పూట మీరు తినకపోతే మావయ్య దిగొస్తాడు."

ఎలిశబెతుకు పుస్తకాల్లో చదివిన తెలివి బాగా ఉంది. ఇంట్లో మనుషుల్ని చదవడం ఇంకా రాలేదు. రెబెక్కమ్మకు ఆ పిల్ల మీద ప్రేమ గనక ఆ మాట అనలేదు.

* * *

దిగొచ్చాడు నిజంగానే. సాయంత్రం టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కొడుకును, కోడల్ని, భార్యను వసారాలోకి పిలిచాడు.

"అబ్బయ్యా, రేపు మద్రాసులో పది రోజులని చెప్పు."

ఆనందబాబు నోరు తెరిచాడు. పాపం, ఆ అబ్బాయికి వారంగా నిద్ర లేదు. తండ్రి ఒక గది నుంచి నాలుగని, తల్లి ఇంకో గది నుంచి పదని చెబుతుంటే మధ్యలో నలిగిపోయాడు.

"పదా నాయనా?"

"పదే. మీ అమ్మకు ఏనుగులు చూపిస్తా. జాఫ్నా కూడా చూపిస్తా. దాచుకోవడమెందుకు? ఆ ఊరికేగదా ఈ అన్నం మానుకోవడమంతా."

రెబెక్కమ్మ తలెత్తి చూసింది. ఆ ఊరి పేరు ఆయన నోట వినడం తొమ్మిదేళ్ళలో ఇదే మొదలు.

"అయితే ఒక మాట," అన్నాడు కృపాదానం. "పది రోజులిచ్చినాక ఇంకేమీ అడగగూడదు. అదనీ ఇదనీ మళ్ళీ కొత్త పాట ఎత్తగూడదు. మాటిస్తావా?"

"ఇస్తా."

"ఎలిశబెతూ, విన్నావా? అబ్బయ్యా, విన్నావా? మీ ముందర ఇచ్చింది మాట."

"వినినాం మావయ్యా," అంది ఎలిశబెతు. అత్తవైపు చూసి కళ్ళతోనే నవ్వింది.

రెబెక్కమ్మ తిన్నగా వంటింట్లోకి పోయి గోడకు ఆనించిన కంచం వాల్చుకుంది. ఎలిశబెతు వడ్డించింది. పొద్దుటి అన్నం, చల్లారిన చేపల పులుసు. అంత రుచిగా ఆవిడ ఏనాడూ తినలేదు. తింటూ తింటూ ఏడ్చేసింది. ఏడుస్తూనే ఇంకో గరిటె పులుసు వెయ్యమంది.

తిన్నాక ఊరుకోలేదు. ప్రయాణం ఇంకా ఎంతో దూరం ఉన్నా, పాత మొలగొలుకుల బియ్యం చేటలోకి పోసుకుని రాళ్ళేరడం మొదలుపెట్టింది. ఆ బియ్యం అన్నమంటే జయశీలకు ప్రాణం. పెట్టె అడుగునుంచి తన వెంకటగిరి చీర తీసింది. లేత రంగుది, సన్నంచుది. రెండు చేతులతో పరిచి చూసి, మళ్ళీ మడిచి, మధ్యలో రెండు వేపాకులు పెట్టింది.

"సిలోనులోకి బియ్యం రానిస్తారో లేదో అత్తమ్మా," అంది ఎలిశబెతు.

"మూడు పూటలకు సరిపోయేంత. చీర మడతలో పెట్టుకొని పోతా. ఎవురు చూస్తారు?"

చాలా ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఇద్దరాడవాళ్ళు గట్టిగా నవ్వుకున్నారు. వసారాలో కృపాదానం ఆ నవ్వు విని ఏమీ అనలేదు. అదే అనుమానించాల్సిన విషయం. రెబెక్కమ్మకు ఆ సంతోషంలో తట్టలేదు.

* * *

దీపాలు పెట్టిన వేళకు ఇంటి ప్రార్థన. నడిమింట్లో చాప పరిచారు. ఎస్తేరమ్మ కూడా వచ్చి, ఎప్పటిలాగే తలుపు పక్కన మోకరించింది.

కృపాదానం ప్రార్థన వరస అందరికీ కంఠతా వచ్చు. కొడుకు పేరు చెబుతాడు. కోడలి పేరు చెబుతాడు. అక్కడ ఒక ఊపిరి ఆగుతాడు. ఆ తర్వాత చెల్లెలి పేరు, గూడూరు రైల్వేలో పనిచేసే మేనల్లుడు సమాధానం పేరు, వాడి భార్యాబిడ్డల పేర్లు. ఆ ఊపిరి ఆగిన చోట ఒకప్పుడు జయశీల పేరుండేది. తొమ్మిదేళ్ళుగా ఆ సందులో రెబెక్కమ్మ పెదవి కదపకుండా ఆ పేరు తానే చెప్పుకుంటోంది. ఈ సాయంత్రం కూడా చెప్పుకుంది. రోజూ బతిమాలుకుంటూ చెప్పేది, ఇవాళ కృతజ్ఞతతో చెప్పింది.

ఆమెన్ అన్నాక ఎవ్వరూ లేవకముందే కృపాదానం గొంతు సవరించుకున్నాడు.

"ప్రయాణం వరస చెప్తా, వినండి. ధనుష్కోడిలో స్టీమరెక్కి తలైమన్నారులో దిగుతాం. కొలంబోలో సభలు. తర్వాత కాండీ, ఏనుగులు. ఆ పైన అనురాధపురం. చివర్న జాఫ్నా, మూడు రోజులు."

మూడు. రెబెక్కమ్మ కళ్ళు మూసుకుంది. దేవుడు అడక్కుండానే లెక్క సరిగ్గా ఇచ్చాడనుకుంది.

"జాఫ్నాలో మిషన్ బంగళా ఉండాది. ఆడ గది కావాలని నేను రాసి పంపిస్తా. పగలు ఎంతసేపు కూర్చుంటావో నీ ఇష్టం, నేను అడ్డం చెప్పను. దీపాలు పెట్టే యాళకు మాత్రం బంగళాకు వచ్చెయ్యాల."

రెబెక్కమ్మ కళ్ళు తెరిచింది.

"రాత్రికి?" అంది రెబెక్కమ్మ.

"రాత్రికి బంగళాలో."

"మూడు రాత్రులూనా?"

"మూడు రాత్రులూ. రోజులు అడిగినావు, రోజులిచ్చినా. ఆ ఇంట్లో నీకు నిద్ర లేదు."

అన్నాడు. వారంగా అత్తాకోడళ్ళు నోటిదాకా తెచ్చుకుని మింగిన మాట ఆయనే అనేశాడు. మధ్యాహ్నం నుంచే ఆయనకు తెలుసు. ఊరి పేరు తప్ప నిద్రల సంగతి తెలియనట్టు ఉండి, తినబెట్టి, మాట పుచ్చుకుని, మోకాళ్ళ మీద ఉన్నప్పుడు చెప్పాడు.

రెబెక్కమ్మ తల తిప్పి తలుపు పక్కన ఉన్న ఎస్తేరమ్మను చూసింది.

"నువ్వు చెప్పినావా?"

"చెప్పినా," అంది ఎస్తేరమ్మ. కళ్ళు దించలేదు. "వదినకు కావాల్సింది రోజులు కాదన్నా, నిద్రలన్నా అని చెప్పినా. చెప్తే తప్పా?"

"మాట ఇచ్చినావు," అన్నాడు కృపాదానం. "ఇంకేమీ అడగనని ఇంతమంది ముందర ఇచ్చినావు."

"నేను అడగడం లేదు," అంది రెబెక్కమ్మ లేస్తూ. మోకాళ్ళు పట్టేస్తే గోడ పట్టుకుంది. ఎలిశబెతు లేవబోతే చేత్తో వారించింది. "అడిగేది అయిపొయ్యింది. ఇప్పుడు చెప్తుండా. దాని మొగుడు పొయ్యినాడని కబురొచ్చిన పొద్దు మీరేం చేసినారు? గడియారానికి కీ ఇచ్చుకొని బడి కమిటీ మీటింగుకు పొయ్యినారు. నేను వంటింట్లో నోట్లో కొంగు కుక్కుకొని ఏడ్చినా. పైకి ఏడిస్తే మీకు అవమానమని."

"అవమానం సంగతి నాకు చెప్పొద్దు! మూడో ఆదివారం అయ్యగారు కాగితం చేతబట్టుకొని, చదవాలా వద్దా అని నా మొహం చూసినాడు. సంఘమంతా నా మొహమే చూసింది. ఇరవయ్యేళ్ళు సంఘ పెద్దగా ఉండి, ఆ పొద్దుతో మానుకున్నా. ఆ చూపులు నువ్వు మోసినావా?"

"నేను ఆడవాళ్ళ చాప మీద లేనా? నన్ను చూళ్ళేదా? మీరు మగోళ్ళు, బయట అరుగు మీదికి పొయ్యి కూర్చున్నారు. నేను వాళ్ళ మధ్యలోనే ఆఖరి పాటదాకా కూర్చున్నా."

"అమ్మా, నాయనా, ఇరుగుపొరుగు వింటారు," అన్నాడు ఆనందబాబు.

"విననీ!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ ఒక్క విషయంలో ఆ మొగుడూ పెళ్ళాలకు పేచీ లేదు.

రెబెక్కమ్మ కాళ్ళ కింది చాప చుట్టింది. చుట్టి చంకలో పెట్టుకుంది.

"ఆ ఇంట్లో నాకు నిద్ర లేకపోతే ఈ ఇంట్లోనూ లేదు. ఈ పూటనుంచి నా పడక వసారాలో. ఊరు అడిగితే ఎందుకో మీరే చెప్పుకోండి."

గడప దాటబోయి ఎస్తేరమ్మ ఎదుట ఆగింది. ఇంతసేపు పెద్దగా అరిచిన గొంతు ఇప్పుడు తగ్గింది.

"మీ అత్తగారి ఊళ్ళో, తోటపల్లి గూడూరులో మీ ఆయన పొయ్యినప్పుడు, వాననకా వరదనకా బండి కట్టుకొని పొయ్యి నిన్ను తెచ్చింది మీ అన్న. బైబిల్లో లేదని ఆ పొద్దు అనలేదు. ఈ నడిమింట్లోనే పడుకున్నావు, ఇదే చాప. పక్కన పడుకుంది నేను. మూడు రాత్రులూ నా కొంగు గుప్పిట్లో పట్టుకొనే పడుకున్నావు. నేను పక్కకు తిరిగితే లేచి కూర్చునేదానివి. నిజమా కాదా?"

ఎస్తేరమ్మ చూపు చాప మీదికి దిగింది.

"నీ కొడుకును నిలబెట్టి పొయ్యింది. ఒప్పుకుంటా. దానికి సాక్ష్యం చెప్పమని అడగడం లేదు. మొగుడు పొయ్యిన ఆడదానివి నువ్వు. ఆ మూడు రాత్రులు అక్కర్లేదని నీ నోటితో ఒక్కసారి చెప్పు. నేను బంగళాలోనే పడుకుంటా."

ఎలిశబెతు లాంతరు వత్తి తగ్గించబోయి మానుకుంది. ఎస్తేరమ్మ ఇంకా చాపవైపే చూస్తోంది. ఆ చాప అంచు ఒక చోట చిరిగి, ఎర్ర దారంతో కుట్టి ఉంది. ఆ కుట్టు వేసింది తనే, ఆ మూడు రోజుల్లో ఒకనాడు, చేతులు ఊరికే ఉండలేక.

"అన్నా," అంది చివరికి. "నన్ను తెచ్చినప్పుడు ఎన్ని రోజులని అడిగినావా?"

కృపాదానం మొహం మాడిపోయింది. భార్య ఎన్ని అన్నా తట్టుకునే మనిషి, ఈ వైపునుంచి మాట వస్తుందని అనుకోలేదు. చేతికర్ర అందుకున్నాడు.

"అబ్బయ్యా, మద్రాసు ప్రయాణం మానుకో. సభలకు రావడం లేదని రేపు తంతి కొట్టు. నేనూ పోను, ఎవురూ పోరు. అయిపొయ్యింది."

గదిలోకి పోయాడు. కాసేపటికి గోడ గడియారానికి కీ ఇస్తున్న చప్పుడు వినిపించింది. అది మామూలుగా ఆదివారం పని. ఇవాళ ఆదివారం కాదు.

రెబెక్కమ్మ చంకలో చాప జారి కింద పడింది. అంతా పోయింది. పది పోయింది, నాలుగూ పోయింది. ఎలిశబెతు వచ్చి భుజం పట్టుకుంది.

"ఎందుకు మానుకుంటాడు?" అంది ఎస్తేరమ్మ, మేనల్లుడి వైపు తిరిగి. "నువ్వు పో. మీ నాయన పేరు తీసేసి నా పేరు చెప్పు. మీ అమ్మకు తోడు నేను పోతా."

ఆనందబాబు తెల్లబోయాడు. "నువ్వా అత్తా? నీకు పాస్‌పోర్టు లేదే."

"తీయించు. గూడూరులో ఫోటో దిగుతా. సభలూ వద్దు, ఏనుగులూ వద్దు. తిన్నగా జాఫ్నాకే."

తొమ్మిదేళ్ళుగా ఏ నోటినుంచి శాపాలు తప్ప వినలేదో ఆ నోటినుంచి ఈ మాట. రెబెక్కమ్మ కన్నీళ్ళతో ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. ఎస్తేరమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోవద్దు వదినా. నేనేం మెత్తబడలేదు. నిద్ర చేసేదానికి నువ్వు వస్తావు. నేను వచ్చేది అడిగేదానికి. రెండు ఆదివారాలు నా కొడుకు పేరు పక్కన తన పేరు చదువుతుంటే తలొంచుకొని కూర్చుంది. మూడో ఆదివారానికి ఏమొచ్చింది? ఆ గడియ ఎవురు తీసినారు? బండి ఎవురు కట్టించినారు? నా బిడ్డ ఏం తప్పు చేసినాడని? ఇది దాని నోటితోనే వినాల నేను. దాని పక్కనే పడుకుంటా, మూడు రాత్రులూ అడుగుతా. ముండమోసిన ఆడది ఆ మూడు రాత్రుల్లో అబద్ధం చెప్పలేదు వదినా. నాకు తెలుసు. నేను నీకు చెప్పకుండా దాచింది ఏమైనా మిగిలిందా ఆ పొద్దు?"

మిగల్లేదు. ఎస్తేరమ్మ ఆ రాత్రుల్లో కాపరంలోని కష్టమంతా, ఎవ్వరికీ చెప్పకూడనివి కూడా, రెబెక్కమ్మ చెవిలో పోసింది.

జయశీల కూడా చెబుతుంది. పీట అక్కర్లేకుండా ఆ గడియ అందుకున్న చెయ్యి ఎవరిదో చెబుతుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన కూతురిని చీకట్లో కాలువ గట్టు దాకా నడిపించి, బండెక్కించి, తన మెడలోని గొలుసు తీసి చేతిలో పెట్టి, వెనక్కి చూడొద్దని చెప్పిందెవరో చెబుతుంది. గదిలో గడియారానికి కీ ఇచ్చుకుంటున్న మనిషికి కూడా ఆ సంగతి ఇంతవరకూ తెలియదు.

ఎస్తేరమ్మ వంగి కింద పడిన చాప తీసింది. దులిపి, రెబెక్కమ్మ చేతిలో పెట్టి, పెరటి దారిన వెళ్ళిపోయింది.

ఆనందబాబు చేతిసంచి భుజాన వేసుకుంటూ దించుకుంటూ నిలబడ్డాడు.

"తెల్లారితే బస్సు. పోవాలా వద్దా నాకు తెలీడం లేదు. పోతే ఎన్ని రోజులని చెప్పమంటావమ్మా?"

వారంగా పదికి తగ్గనని భీష్మించుకున్న రెబెక్కమ్మకు ఒక్క అంకె కూడా నోటికి రాలేదు.